పుటను కాదు, మూసను దిద్దుకోవాలి

మన వంటి పెద్ద సంస్థలో యంత్రాలతో సమానంగా పనిచేసేవి కాగితాలు. ఒక పంపును విప్పి తిరిగి బిగించే విధానం, ఒక స్విచ్‌గేర్‌ను తనిఖీ చేసే క్రమం, ఒక రసాయనాన్ని నిల్వ ఉంచడంలో పాటించవలసిన జాగ్రత్తలు - ఇవన్నీ కరదీపికలుగా, ఆదేశపత్రాలుగా పనిచేసే చోటికి చేరితేనే పని సక్రమంగా సాగుతుంది. ఈ పత్రాలలో విషయం తప్పులు లేకుండా ఉంటే చాలదు. చదివేవారు పొరపడడానికి వీలులేని రీతిలో అది అచ్చుకావాలి. పట్టికలోని చివరి గడి కాగితం అంచు దాటిపోయినా, హెచ్చరిక ఒక పుటలోను, అది వర్తించే పని మరొక పుటలోను పడినా, వ్రాసినవారి శ్రద్ధ చదివేవారికి అందకుండా పోతుంది.

పత్రాలను సాదా పాఠంగా వ్రాసి, ఉపకరణాల సాయంతో పీడీఎఫ్‌గా మార్చే పద్ధతి నేడు సాంకేతిక విభాగాలలో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ మార్పిడిలో తెరవెనుక నిలిచి పుటలను కూర్చేది చాలా సందర్భాలలో లేటెక్స్ అనే వ్యవస్థ. అది ఇచ్చే పుట మన అవసరానికి సరిపోనప్పుడు దానిని ఎలా మలచుకోవాలి, దిద్దుబాటు ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయరాదు అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఒక ఆచార్యుని అసంతృప్తి

ఈ కథ 1977లో మొదలైంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్ తన బృహద్గ్రంథం ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండవ సంపుటం మలి కూర్పుకు వచ్చిన ప్రూఫులు చూసి నిరాశ చెందారు. మొదటి కూర్పు సీసపు అక్షరాలతో కూర్చినది. కొత్తది ఫొటో పద్ధతిలో తయారైనది. గణిత సూత్రాలలో వెనుకటి పొందిక కనిపించలేదు. అచ్చును నిందించి ఊరుకోక, పుటలను కూర్చే ప్రోగ్రామును తానే వ్రాయడానికి పూనుకున్నారు. కొద్దికాలంలో ముగుస్తుందనుకున్న ఆ పని ఏళ్ల తరబడి సాగి ‘టెక్’ అనే పేరుతో లోకానికి అందింది. ఈ పేరు కళ, నైపుణ్యం అనే అర్థాలున్న గ్రీకు పదం నుండి వచ్చింది.

1990లో క్నూత్ ఇకపై టెక్‌కు కొత్త సౌకర్యాలు చేర్చబోనని, తప్పులు మాత్రమే సవరిస్తానని ప్రకటించారు. ప్రతి సవరణతోను దాని సంఖ్యకు ఒక అంకె చేరుతూ అది ‘పై’ విలువకు సమీపిస్తుంది. 2021లో జరిగిన సవరణతో అది 3.141592653కు చేరింది. ఒక పనిముట్టు ఇంత నిలకడగా ఉండడం కంప్యూటరు రంగంలో అరుదు. చిరకాలం నిలువవలసిన పత్రాలకు ఈ నిలకడ ఎంతో అవసరం.

టెక్ ఆదేశాలు సూక్ష్మమైనవి. వాటిని సామాన్య రచయితలకు అందుబాటులోకి తెస్తూ లెస్లీ లాంపోర్ట్ 1980 దశకం తొలినాళ్లలో లేటెక్స్‌ను రూపొందించారు. నేడు వాడుకలో ఉన్న ‘లేటెక్స్ 2ఇ’ రూపం 1994లో వెలువడింది. అడోబి సంస్థ 1993లో ప్రవేశపెట్టిన పీడీఎఫ్ 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. ఈ రెండింటి కలయికే నేటి సాంకేతిక పత్రరచనకు పునాది.

మన దేశానికీ ఈ రంగంతో గట్టి సంబంధమే ఉంది. విదేశాలలోని వైజ్ఞానిక పత్రికల పుటలను లేటెక్స్‌లో కూర్చే పని చెన్నై, పుదుచ్చేరి, తిరువనంతపురం వంటి నగరాలలో పెద్ద ఎత్తున సాగుతున్నది. అంతర్జాతీయ టెక్ వాడుకరుల సమావేశానికి తిరువనంతపురం 2002లో ఒకసారి, 2011లో మరొకసారి వేదిక అయింది.

పిండి ఒకటే, బిళ్ళ వేరు

లేటెక్స్‌లో నేరుగా వ్రాయడం అందరికీ సులభం కాదు. అందుకే ‘మార్క్‌డౌన్’ వంటి తేలికైన గుర్తుల పద్ధతులు పుట్టాయి. 2004లో జాన్ గ్రూబర్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో శీర్షికకు ముందు ఒక గుర్తు, జాబితాలోని అంశానికి ముందు ఒక గీత పెడితే చాలు. అలా వ్రాసిన పాఠాన్ని లేటెక్స్‌గాను, దాని ద్వారా పీడీఎఫ్‌గాను మార్చే ఉపకరణాలలో ‘పాండాక్’ ప్రసిద్ధమైనది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో తత్త్వశాస్త్ర ఆచార్యుడైన జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో దీనిని విడుదల చేశారు. సాఫ్ట్‌వేర్ కరదీపికలకు 2008లో వచ్చిన ‘స్ఫింక్స్’ ఎక్కువగా వాడుకలో ఉంది. ఇవన్నీ ఉచితంగా లభించేవే.

ఈ ఏర్పాటును మన ఇళ్లలోని జంతికల గొట్టంతో పోల్చవచ్చు. పిండి మన పాఠం. గొట్టం అడుగున అమర్చే బిళ్ళ మూస. పిండి ఒకటే అయినా బిళ్ళ మార్చితే జంతికలు, కారప్పూస వేర్వేరుగా వస్తాయి. ఆకారం నచ్చకపోతే బిళ్ళ మార్చాలి గాని, నూనెలో పడిన ఒక్కొక్క జంతికనూ చేత్తో సరిచేయాలని ఎవరూ పూనుకోరు.

పత్రాల విషయంలో మాత్రం ఆ పని తరచుగా జరుగుతుంది. ఉపకరణం తయారుచేసిన లేటెక్స్ ఫైలును తెరిచి, ఇక్కడొక ఖాళీ, అక్కడొక పుట విరుపు చేర్చి పీడీఎఫ్ తీసుకుంటారు. ఆ రోజుకు పని పూర్తవుతుంది. ఆరు నెలల తర్వాత ఒక కొలత మారి, మూలపాఠం సవరించి మళ్లీ మార్పిడి చేయగానే, చేత్తో చేసిన దిద్దుబాట్లన్నీ చెరిగిపోతాయి. పాత లోపాలు తిరిగి తలెత్తుతాయి. వాటిని ఎక్కడెక్కడ సరిచేశారో తెలిసిన ఉద్యోగి అప్పటికి బదిలీపై వెళ్లి ఉండవచ్చు, పదవీవిరమణ చేసి ఉండవచ్చు. కనుక తదుపరి మార్పిడికి కూడా నిలిచే చోటనే దిద్దుబాటు చేయాలి. ఈ రంగంలో మనం గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం ఇదే.

సాధారణంగా కనిపించే లోపాలు

మొదటిది కాగితం కొలత. విడిగా చెప్పకపోతే లేటెక్స్‌లోని ప్రామాణిక తరగతులు అమెరికా ‘లెటర్’ కాగితాన్ని, అంటే సుమారు 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల ఎత్తు గల కాగితాన్ని దృష్టిలో ఉంచుకొని పుటను అమరుస్తాయి. మనం వాడే ఏ4 కాగితం 210 వెడల్పు, 297 ఎత్తు. అదీగాక, రంధ్రాలు చేసి ఫైలులో గుచ్చే పత్రానికి ఎడమవైపు అదనపు ఖాళీ కావాలి. లేకపోతే ప్రతి పంక్తి మొదటి అక్షరాలు గుచ్చులోకి పోతాయి.

రెండవది పట్టిక. మార్క్‌డౌన్‌లో నిలువు గీతలతో వ్రాసే పట్టికకు పాండాక్‌లో ఒక నియమం ఉంది. మూలపాఠంలో పట్టిక పంక్తులన్నీ నిర్ణీత నిడివికి లోపల ఉంటే గడులలోని మాటలు మడతపడవు, ఒకే వరుసలో సాగుతాయి. ఆ నిడివి మామూలుగా 72 అక్షరాలు. పంక్తులలో ఏ ఒక్కటైనా ఆ నిడివి దాటితే పట్టిక పుట వెడల్పంతా ఆక్రమించి, గడులలో మాటలు మడతపడతాయి. అప్పుడు ఏ నిలువు వరుసకు ఎంత వెడల్పు అన్నది శీర్షిక క్రింద గీసే చిన్న గీతల సంఖ్యను బట్టి నిర్ణయమవుతుంది. ఈ నియమం తెలియనివారికి ఒక పట్టిక చక్కగాను, మరొకటి అంచు దాటిపోయి ఎందుకు వచ్చిందో అంతుపట్టదు. బోల్టు బిగింపు విలువల పట్టికలో కుడి చివరి వరుస తెగిపోతే, పనిచేసేవారు ఆ విలువను ఊహించుకోవలసి వస్తుంది. అటువంటి ఊహకు మన కర్మాగారాలలో చోటు ఉండరాదు.

మూడవది చిత్రం. వివరణతో కూడిన చిత్రాన్ని లేటెక్స్ ‘తేలే’ వస్తువుగా పరిగణించి, స్థలం చాలకపోతే తరువాతి పుటకు పంపుతుంది. పరిశోధన వ్యాసానికి ఇది సముచితమే. ‘క్రింది చిత్రంలో చూపినట్లు కవాటాన్ని త్రిప్పండి’ అని చెప్పే కరదీపికకు మాత్రం ఇది హానికరం.

నాలుగవది హెచ్చరిక. ‘మూత తెరిచే ముందు పీడనాన్ని పూర్తిగా వదలండి’ అన్న మాట పుట చివర ఉండిపోయి, మూత తెరిచే విధానం మరుసటి పుటలో మొదలైతే, ఆ రెండవ పుటను మాత్రమే నకలు తీసి పనిచోటికి తీసుకువెళ్లినవారికి హెచ్చరిక అందదు. విడి కాగితాలుగా తిరిగే పత్రాలలో ప్రతి పుటపైనా పత్రం సంఖ్య, సవరణ సంఖ్య, తేదీ ఉండాలన్న నియమం వెనుక కారణం కూడా ఇటువంటిదే. చేతిలోని పుట ఏ సవరణకు చెందినదో తెలియకపోతే, అందులోని విలువలు నేటివో నిరుటివో తేల్చడం అసాధ్యం.

దిద్దుబాటుకు నాలుగు మెట్లు

పాండాక్‌లో ఈ లోపాలను సవరించడానికి నాలుగు మెట్లు ఉన్నాయి. అవసరాన్ని బట్టి క్రింది మెట్టు నుండి పైకి వెళ్లడం వివేకం.

మొదటి మెట్టు పత్రం తలభాగంలో ఇచ్చే విలువలు. కాగితం ఏ4 అని, ఎడమ మార్జిన్ 30 మిల్లీమీటర్లని, అక్షరాల పరిమాణం 11 అని, ఫాంటు ఫలానా అని నాలుగు పంక్తులలో చెప్పవచ్చు. మొదట పేర్కొన్న కొలతల లోపం ఇక్కడే తీరిపోతుంది. లేటెక్స్ తెలియనివారు సైతం ఈ మెట్టుపై నిశ్చింతగా పనిచేయవచ్చు.

రెండవ మెట్టు పీఠికకు చేర్చే చిన్న ఫైలు. లేటెక్స్‌లో అసలు పాఠం మొదలయ్యే ముందు వచ్చే భాగమే పీఠిక. మనకు కావలసిన ఆదేశాలను వేరే ఫైలులో ఉంచి, దానిని పీఠికలో చేర్చమని పాండాక్‌కు చెప్పవచ్చు. ‘ఫ్యాన్సీహెచ్‌డిఆర్’ ప్యాకేజీతో ప్రతి పుట తలభాగాన పత్రం సంఖ్య, సవరణ సంఖ్య ముద్రించవచ్చు. ‘లాస్ట్‌పేజ్’ ప్యాకేజీతో ‘40 పుటలలో 3వ పుట’ అని చూపవచ్చు. ఒక పుట తప్పిపోయినా అప్పుడు వెంటనే తెలుస్తుంది. ‘ఫ్లోట్’ ప్యాకేజీతో చిత్రాలు వ్రాసిన చోటనే నిలిచేలా చేయవచ్చు. పది పంక్తులకు మించని ఈ ఫైలు విభాగంలోని పత్రాలన్నింటికీ ఉపయోగపడుతుంది.

మూడవ మెట్టు వడపోత. మూలపాఠంలో ఒక భాగాన్ని ‘హెచ్చరిక’ అని గుర్తించి, ఆ గుర్తు కనిపించిన ప్రతిచోటా దానిని ఎర్రని గీతల పెట్టెలో ఉంచమని చెప్పే చిన్న ప్రోగ్రామే వడపోత. 2017లో వచ్చిన పాండాక్ 2.0 నుండి వీటిని లువా భాషలో వ్రాసే వీలు కలిగింది. వేరే సాఫ్ట్‌వేర్ స్థాపించనక్కరలేదు. ‘టీకలర్‌బాక్స్’ ప్యాకేజీ గీసే పెట్టె, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, రెండు పుటల మధ్య విరగదు. హెచ్చరికతో పాటు అది వర్తించే మొదటి పనిని కూడా అదే గుర్తు లోపల వ్రాసే నియమం పెట్టుకుంటే, ఆ రెండూ ఎప్పటికీ ఒకే పుటలో నిలుస్తాయి. ఇక్కడ రచయిత ‘ఇది హెచ్చరిక’ అని మాత్రమే చెబుతాడు. అది ఎలా కనిపించాలో వడపోత నిర్ణయిస్తుంది. రేపు భద్రతా విభాగం రంగు మార్చమంటే ఒకేచోట మార్చితే చాలును.

నాలుగవ మెట్టు మూసనే మార్చడం. పాండాక్ తన లేటెక్స్ మూసను అడిగినవారికి పూర్తిగా ముద్రించి ఇస్తుంది. దానిని నకలు తీసుకొని ముఖపత్రం, సంస్థ చిహ్నం, ఆమోద సంతకాల పట్టిక వంటివి మన పద్ధతిలో అమర్చుకోవచ్చు. అయితే ఈ స్వేచ్ఛకు ఒక మూల్యం ఉంది. పాండాక్ కొత్త రూపాలు వచ్చినప్పుడు దాని సొంత మూస కూడా మారుతుంది. మన నకలు మారదు. ‘టైట్‌లిస్ట్’, ‘పాండాక్‌బౌండెడ్’ వంటి ఆదేశాలు కొత్తగా చేరినప్పుడు, వాటి నిర్వచనం లేని పాత మూసలు పనిచేయక ఆగిపోయిన సంగతి వాడుకరులకు అనుభవమే. కనుక మొదటి మూడు మెట్లతో సాధ్యం కానప్పుడే నాలుగవది ఎక్కాలి. ఎక్కిన తర్వాత, చేసిన మార్పుల చిట్టా రాసి ఉంచుకోవాలి.

స్ఫింక్స్ వాడేవారికి కూడా ఇదే క్రమం వర్తిస్తుంది. అక్కడ కాగితం కొలత, అక్షర పరిమాణం, పీఠిక ఆదేశాలు, చిత్రాల స్థానం, హెచ్చరిక పెట్టెల రంగులు అన్నీ ఒకే అమరిక ఫైలులో నమోదవుతాయి.

తెలుగు పత్రాలు - ప్రత్యేక జాగ్రత్తలు

భద్రతా సూచనలు కార్మికుని సొంత భాషలో ఉండాలన్నది నిర్వివాదాంశం. కంప్యూటరులో తెలుగు అచ్చుకు సాగిన కృషి ఇప్పటిది కాదు. తెలుగును రోమన్ అక్షరాలలో వ్రాసే ‘ఆర్.టి.ఎస్.’ పద్ధతి పేరులోని మొదటి అక్షరం అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయాన్ని సూచిస్తుంది. యూనికోడ్ రాకతో నేడు తెలుగును తెలుగు లిపిలోనే నేరుగా వ్రాయగలుగుతున్నాము. అయినప్పటికీ పీడీఎఫ్ మార్పిడిలో కొన్ని జాగ్రత్తలు తప్పవు.

పాండాక్ సాధారణంగా వాడే ‘పీడీఎఫ్‌లేటెక్స్’ యంత్రం తెలుగు అక్షరం ఎదురుకాగానే పొరపాటు చూపి ఆగిపోతుంది. 2004లో జోనథన్ క్యూ విడుదల చేసిన ‘జీటెక్’పై నడిచే ‘జీలేటెక్స్’ను గాని, ‘లువాలేటెక్స్’ను గాని ఎంచుకోవాలి. ఫాంటు పేరుతో పాటు లిపి తెలుగు అని కూడా తెలపాలి. తెలపకపోతే వత్తులు, గుణింతాలు కలవక, పొల్లు గుర్తులతో విడివిడిగా పడతాయి. లువాలేటెక్స్‌లోనైతే ‘హార్ఫ్‌బజ్’ పద్ధతిని ఎంచుకోవడం శ్రేయస్కరం. మన లిపిలో పైన గుడులు, క్రింద వత్తులు ఉంటాయి గనుక పంక్తుల మధ్య దూరాన్ని కొంత పెంచాలి. ‘అను’ వంటి పాత ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

అన్నింటికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. జీలేటెక్స్‌లో ఎంచుకున్న ఫాంటులో తెలుగు అక్షరాలు లేకపోతే, మార్పిడి ఆగకుండానే పూర్తికావచ్చు. తెలుగు మాటలు ఉండవలసిన చోట ఖాళీయో, చిన్న పెట్టెలో మిగులుతాయి. చిట్టా ఫైలులో మాత్రం ఫలానా అక్షరం ఫాంటులో లేదన్న ఒక చిన్న మాట ఉంటుంది. ఇంగ్లీషు కరదీపిక మధ్యలో ఒకే ఒక తెలుగు హెచ్చరిక ఉన్నప్పుడు, అది మాయమైన సంగతి ఇంగ్లీషు భాగాన్ని మాత్రమే సరిచూసే అధికారి దృష్టికి రాకపోవచ్చు. దీనికి పరిష్కారం పీఠికలో ఒక్క పంక్తి. ‘ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్’ అనే విలువను 3 చేస్తే, 2021 నాటి టెక్ లైవ్ మొదలుకొని, అక్షరం లోపించడం పొరపాటుగానే పరిగణింపబడుతుంది. లోపం బల్లపైనే బయటపడుతుంది, పనిచోటికి చేరదు.

రెండు లిపులు కలిసిన పత్రాలకు రెండు ఫాంట్లు అవసరం కావచ్చు. లువాలేటెక్స్‌తో ‘బేబెల్’ ప్యాకేజీని వాడితే, అది అక్షరపు లిపిని గుర్తించి తగిన ఫాంటును దానంతటదే ఎంచుకుంటుంది. ‘పోతన2000’, ‘నోటో సెరిఫ్ తెలుగు’, ‘మండలి’ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి.

పాటించదగిన పద్ధతి

పై విషయాలను విభాగాలలో అమలుపరచదలచినవారు కొన్ని నియమాలు పెట్టుకోవడం మంచిది. మూలపాఠం, పీఠిక ఫైలు, వడపోతలు, మూస - ఈ నాలుగింటినీ ఒకేచోట భద్రపరచాలి. ఉపకరణం తయారుచేసిన లేటెక్స్ ఫైలును దోషం వెదకడానికి చదవవచ్చు గాని దిద్దరాదు. మార్పిడికి వాడే ఆదేశాన్ని ఒక చిన్న స్క్రిప్టుగా వ్రాసి ఉంచితే, కొత్తగా చేరినవారు కూడా అదే పీడీఎఫ్‌ను తీయగలుగుతారు. ఏ రూపపు పాండాక్‌తో, ఏ సంవత్సరపు టెక్‌తో తయారైనదో నమోదు చేయాలి. చిట్టా ఫైలులో ‘ఓవర్‌ఫుల్’ అన్న మాట కనిపిస్తే, పంక్తి గాని పట్టిక గాని అంచు దాటినట్లు. ఎన్ని పాయింట్లు దాటిందో కూడా అక్కడే ఉంటుంది. ఇన్ని చేసిన తర్వాత కూడా కాగితంపై ఒక ప్రతి తీసి, ఆ పని స్వయంగా చేసే కార్మికుని చేత చదివించాలి. ఏ యంత్రమూ అతని కంటికి ప్రత్యామ్నాయం కాదు.

ఈ విద్య మన ఇళ్లలోని విద్యార్థులకు కూడా ఉపకరిస్తుంది. ఇంజనీరింగు ప్రాజెక్టు నివేదికలు, పరిశోధన గ్రంథాలు విశ్వవిద్యాలయం నిర్దేశించిన మార్జిన్లతో, పంక్తుల దూరంతో సమర్పించవలసి ఉంటుంది. చివరి వారంలో నూటయాభై పుటలను చేత్తో సర్దుకునే శ్రమ, మొదటి వారంలోనే ఒక పీఠిక ఫైలు వ్రాసుకున్నవారికి ఉండదు.

సంస్థలో ఉద్యోగులు వస్తుంటారు, వెళుతుంటారు. అనుభవజ్ఞుడు తాను నేర్చినదానిని మాటగా చెప్పి వెళితే అది కొన్నాళ్లకు మరుగున పడుతుంది. ఒక పుటలో దిద్ది వెళితే ఆ పుటతోనే పోతుంది. మూసలో దిద్ది వెళితే, తరువాత వెలువడే ప్రతి పత్రంలోను ఆ శ్రద్ధ పనిచేస్తూనే ఉంటుంది. పీడనం వదలమని చెప్పే ఆ చిన్న హెచ్చరిక, మూత తెరిచే పనితో పాటు ఒకే పుటలో, చదవగలిగే భాషలో, కార్మికుని చేతికి ప్రతిసారీ చేరుతుంది. ఆ దిశగా మన విభాగాలన్నీ కృషి చేయగలవని ఆశిద్దాం.